టిక్కీ నాన్నది, టికెట్ మాది

మాది నల్లపాడు. గుంటూరు పక్కనే. సికింద్రాబాదు పోయే రైలు నల్లపాడు జంక్షన్‌లోనే గుంతకల్లు లైనును వదిలి నడికుడి, మిర్యాలగూడ, నల్గొండ దారి పడుతుంది. మా తరం అంతా ఆ లైనెక్కే కొలువులకు పోయింది. మా తర్వాతి తరమూ అదే లైనెక్కుతోంది.

మేం వెబ్‌సైట్లు తయారుచేసే వాళ్లం. ఈ పనిలోకి వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. మా నాన్నలు మిర్చి, పత్తి పండించినవాళ్లు. గుంటూరు యార్డుకు వాళ్లు తోలేది టిక్కీ, అంటే నలభై కిలోల పైచిలుకు మిర్చి బస్తా. మేం పొద్దున లేచి తేల్చాల్సింది టికెట్, అంటే క్లయింటు పంపిన పని చీటీ. మాటలు భలే కలిశాయని మొదట్లో నవ్వుకునేవాళ్లం. ఇన్నేళ్లు చేశాక తెలిసింది, కలిసింది మాటలొక్కటే కాదని.

యార్డులో ఏం జరుగుతుందో ఒకసారి తలుచుకోండి. టిక్కీ విప్పుతారు. కొనేవాడు గుప్పెడు కాయ తీసుకుంటాడు. రంగు చూస్తాడు, తేమ చూస్తాడు, తాలు ఎంతుందో చూస్తాడు, ఒక రేటు చెబుతాడు. నారు పోసిన దగ్గర్నుంచి కల్లంలో ఎండబెట్టేదాకా ఆర్నెల్లు చాకిరీ చేసిన రైతుకు అప్పుడు ఉండేవి రెండే దారులు. తలూపడం, లేదంటే కోల్డ్ స్టోరేజీలో పెట్టి అద్దె కట్టుకుంటూ ఎదురుచూడటం.

మా సంగతీ అంతే. గంటకు ఎన్ని డాలర్లో క్లయింటూ కంపెనీ మాట్లాడుకుంటారు. మాకు చెప్పేది జీతం ఒక్కటే. ప్రాజెక్టు లేకపోతే బెంచి మీద కూర్చోబెడతారు. బెంచి మా కోల్డ్ స్టోరేజీ. కాకపోతే అక్కడ పెట్టిన మిర్చి ఏడాదైనా ఆగుతుంది. బెంచి మీద మనిషిని కంపెనీ అన్నాళ్లు ఆగనివ్వదు.

రేటు ఎక్కడ తయారవుతుంది? మిర్చి రేటు గుంటూరులో పలుకుతుంది గానీ గుంటూరులో పుట్టదు. 2003లో యూరప్‌లో మన దేశపు మిర్చి పొడిలో సూడాన్ అనే రంగు దొరికింది. 2005 ఫిబ్రవరిలో బ్రిటన్ ఆ రంగు కలిసిన 400కు పైగా తినుబండారాలను దుకాణాల నుంచి వెనక్కి తీయించింది. రంగు కలిసింది పొడిలో. కాయ పండించిన రైతుకు దాని పేరు కూడా తెలియదు. అయినా చెడ్డపేరు మిర్చికి వచ్చింది. 2021-22లో నల్ల తామర పురుగు తోటలకు తోటలనే ఊడ్చేసింది. 2023లో క్వింటాలు 20 వేలు దాటి పలికితే ఆ ఆశతో చాలామంది మళ్లీ మిర్చే వేశారు. 2025 ఫిబ్రవరికి రేటు పడిపోయింది. కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయల లెక్కన 2.91 లక్షల టన్నులకు ఒప్పుకుంది. ఈ ఎత్తుపల్లాల్లో చైనా కొనుగోళ్లున్నాయి, బంగ్లాదేశ్ పరిస్థితులున్నాయి, ఓడల కిరాయిలున్నాయి. రైతు చేతిలో ఉన్నది మాత్రం ఒక్క విత్తనమే.

ఇప్పుడు మా వైపు చూడండి. 2008 సెప్టెంబరులో అమెరికాలో లేమన్ బ్రదర్స్ కూలితే ఇక్కడ క్యాంపస్ సెలక్షన్లు ఆగాయి. 2009 జనవరి 7న సత్యం రామలింగరాజు లెక్కలు తప్పని ఒప్పుకుంటూ ఉత్తరం రాస్తే దాదాపు 50 వేల మంది ఉద్యోగులు నెల జీతం వస్తుందో రాదో తెలియక బిక్కుబిక్కుమన్నారు. 2025 జులైలో టీసీఎస్ 12 వేల మందికి పైగా తగ్గిస్తామని ప్రకటించింది. అదే ఏడు సెప్టెంబరు 19న ట్రంప్ ఒక్క సంతకంతో కొత్త హెచ్1బీ దరఖాస్తుకు లక్ష డాలర్లు కట్టాలన్నాడు. వీసా వస్తుందని పెళ్లి సంబంధాలు మాట్లాడుకున్న ఇళ్లు మా జిల్లాలో తక్కువా? ఎక్కడో సంతకం పెడితే ఇక్కడ ముహూర్తాలు వాయిదా పడతాయి. ఇదీ మేం గొప్పగా చెప్పుకునే గ్లోబల్ ఉద్యోగం.

ఇక కృత్రిమ మేధ. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చింది. ఒకప్పుడు మేం పూట పని చేసి కట్టిన పేజీని అది నిమిషంలో రాసి పెడుతోంది. అబద్ధం ఎందుకు, మేమూ వాడుతున్నాం. కానీ అది నేర్చుకున్నది ఎవరి దగ్గర? మాలాంటివాళ్లు ఏళ్ల తరబడి రాసి, నలుగురికీ పనికొస్తుందని ఉచితంగా పెట్టిన కోడ్ దగ్గర. మా చెమటే తిరిగొచ్చి మాకు పోటీగా నిలబడింది. సరే, నాలుగు గంటల పని గంటలో అయితే మిగిలిన మూడు గంటలు మాకు రావాలి గదా? రాలేదు. వాటి బదులు మరో మూడు టికెట్లు వచ్చాయి. పైగా వారానికి 70 గంటలు చెయ్యాలని 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారి హితవు. 2024 జులైలో కర్ణాటకలో ఐటీ వాళ్ల పనిదినాన్ని 14 గంటలదాకా పెంచే ప్రతిపాదన కదిలింది. ఐటీ ఉద్యోగుల సంఘం కీటు గట్టిగా అడ్డం తిరిగింది. ఆ సంఘమే లేకపోతే అడిగేదెవరు?

జీతం సంగతి అలా ఉంచండి. మీట ఎవరి చేతిలో ఉందన్నది అంతకంటే పెద్ద సంగతి. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రయిక్ అనే అమెరికా కంపెనీ పంపిన ఒక్క తప్పుడు అప్‌డేట్‌తో ప్రపంచంలో 85 లక్షల కంప్యూటర్లు పడకేశాయి. హైదరాబాదు విమానాశ్రయంలో ఆ రోజు బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. అది పొరపాటు. 2025 జులైలో జరిగింది పొరపాటు కాదు. గుజరాత్‌లో వాడినార్ రిఫైనరీ నడిపే నయారా ఎనర్జీలో రష్యా కంపెనీ వాటా ఉందని యూరప్ ఆంక్షలు పెట్టింది. మైక్రోసాఫ్ట్ వెంటనే సేవలు ఆపింది. డబ్బు కట్టి వాడుకుంటున్న ఈమెయిళ్లు మన గడ్డ మీదే మూగబోయాయి. కంపెనీ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది, తర్వాత సేవలు తిరిగి వచ్చాయి. అంత పెద్ద రిఫైనరీ గతే అదైతే రేపు ఒక జిల్లా ఆసుపత్రి, ఒక విశ్వవిద్యాలయం గతేమిటి?

మన భాష గతి కూడా అంతే. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అనే తెలుగు అక్షరం ఒక రూపంలో సందేశంగా వస్తే ఐఫోన్లు కుప్పకూలాయి. ఫిబ్రవరి 19న యాపిల్ సరిచేసింది. జ్ఞానంలోని మొదటి అక్షరమే వాళ్ల యంత్రానికి మింగుడుపడలేదని నవ్వుకున్నాం. నవ్వాక ఆలోచిస్తే బాధేసింది. కోట్ల మంది మాట్లాడే భాష వాళ్ల ప్రయోగశాలలో ఏ మూలన ఉందో ఆ వారం తేలిపోయింది.

అలాగని అంతా చీకటేనా? కాదు. మేం బతుకుతున్న ఈ వెబ్‌ను 1993 ఏప్రిల్ 30న స్విట్జర్లాండ్‌లోని సెర్న్ సంస్థ ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని ప్రపంచం చేతిలో పెట్టింది. మేం పనిలోకి వచ్చిన రోజుల్లో ఒక్కో తెలుగు పత్రికకు ఒక్కో ఫాంటు. అది మన దగ్గర లేకపోతే తెరమీద పిచ్చి గీతలే. తిరుమల కృష్ణ దేశికాచారి గారు పోతన, వేమన ఫాంట్లు చేసి ఊరికే ఇచ్చారు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాను జీతం లేని మనుషులే నిలబెట్టారు. కేరళ తన ప్రభుత్వ బడుల్లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తోనే కంప్యూటర్ పాఠాలు చెబుతోంది. కాబట్టి మనవల్ల కాదనే మాట చెల్లదు. పాలకులు పట్టించుకోలేదు, అంతే.

ఈ పత్రిక చదివేవాళ్లకు ఒక సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. నిర్ణయం ఎవరిది అని అడిగినవాళ్లే మీరు. కొలువులన్నీ ఒక్క నగరంలో పోగేస్తే ఉన్నవాళ్లకు కడుపుమంట, వచ్చినవాళ్లకు అవమానం. మేం వచ్చినవాళ్లం. ఎక్కడి నుంచి వచ్చారని అడిగినప్పుడు మాకు గుచ్చుకుంది. ఆ ప్రశ్న వెనక ఉన్న ఆవేదన తర్వాత్తర్వాత అర్థమైంది. 2014 జూన్ 2న రాష్ట్రం రెండయింది. 2024 జూన్ 2తో ఉమ్మడి రాజధాని గడువూ తీరింది. సరిహద్దు మారింది గానీ నల్లపాడు పిల్లాడి టికెట్ మీద ఊరి పేరు మారలేదు. దీనికి జవాబు చెప్పాల్సింది రెండు వైపుల పాలకులూ.

అందుకే విద్యార్థి మిత్రులకు మా మాట. ఆర్నెల్లకొకటి చొప్పున మారే పనిముట్ల వెంట పరుగెత్తి కోచింగులకు వేలు పోయకండి. కంప్యూటరు లోపల ఏం జరుగుతుందో నేర్చుకోండి. పనిముట్టు మారినా ఆ చదువు చెడదు. మీ ఊరి పంటకు ఎవరు ఎక్కడ రేటు కడుతున్నారో కూడా తెలుసుకోండి. అదీ చదువే.

ఉద్యోగులకు మరో మాట. 2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటిలో మనకు చేటు చేసేవి ఉన్నాయని కార్మిక సంఘాలు పోరాడుతున్నాయి. నియామక పత్రం అందరికీ ఇచ్చి తీరాలన్న షరతూ వాటిలోనే ఉంది. మీ పత్రం తీసి చదవండి. పని గంటలు ఎన్ని, నోటీసు గడువు ఎంత, తీసేస్తే ఏమిస్తారు? చదివింది పక్క సీటు వాళ్లతో మాట్లాడండి. మేం వైట్ కాలర్ వాళ్లం, మాకు సంఘమెందుకనే బడాయి సత్యం నాడే పోవాల్సింది.

పాలకులను అడిగేది ఇది. జనం సొమ్ముతో కట్టే వెబ్‌సైటు తెలుగులో తిన్నగా తెరుచుకోవాలి. ఇవాళ ఏ యార్డులో ఏ రకం ఎంత పలికిందో టిక్కీ ఇంట్లో ఉండగానే రైతు ఫోనులో కనిపించాలి. సర్కారు కాగితాలు ఏ పరాయి కంపెనీ మీట నొక్కినా ఆగిపోని చోట ఉండాలి. ఈ పని చేసిపెట్టే పిల్లలు గుంటూరులో, నరసరావుపేటలో, ఒంగోలులో కావలసినంత మంది ఉన్నారు. వాళ్లకు ఊళ్లోనే పని ఇవ్వండి.

యార్డులో కొనేవాడు రేటు చెప్పగానే రైతు ఒక్కడే ఉంటే తలూపుతాడు. వరసలో ఉన్న పదిమందీ కలిసి ఆగండి అంటే ఆ చెయ్యే మళ్లీ టిక్కీలోకి వెళ్లి ఇంకో గుప్పెడు కాయ తీస్తుంది. మా నాన్నలు ఆ పని చెయ్యడం మేం చిన్నప్పుడు కళ్లారా చూశాం. ఏసీ గదుల్లో కూర్చున్న మేం ఆ ఒక్క మాట అనడం ఇంకా నేర్చుకోలేదు. ఇకనైనా నేర్చుకుందాం.