మణికట్టు మీద బొమ్మల కొలువు

"వాచీ చూసి మనిషి ఎలాంటివాడో చెప్పేయొచ్చండీ!" అన్నాడాయన. శామీర్‌పేట దగ్గర ఒక ఫంక్షన్ హాల్లో, పెళ్లి భోజనాల బల్ల ముందు, ఎడమ చెయ్యి సాంబారులో మునగకుండా పైకెత్తి పట్టుకుని మరీ అన్నాడు. ఈయన రోజూ పొద్దున్నే తన మణికట్టును ఫోటో తీసి అందరికీ పంపుతాడు. "ఈ రోజు నా చేతికి" అని శీర్షిక. సోమవారం నీలం డయల్, మంగళవారం తోలు పట్టీ, బుధవారం నీళ్లలో దూకేవాళ్ల వాచీ. శామీర్‌పేట చెరువులో కాలైనా తడిపి ఎరగడు, కానీ 200 మీటర్ల లోతుకు తట్టుకునే వాచీ కావాలి. ఫోటోలో చెయ్యి ఎప్పుడూ కారు స్టీరింగు మీదే ఉంటుంది. వాచీతో పాటు కారు గుర్తు కూడా పడాలి కదా.

ఇలాంటివాళ్లు ఇప్పుడు ఊరూరా తయారయ్యారు. అడిగితే అభిరుచి అంటారు, పనితనం మీద గౌరవం అంటారు, వారసత్వం అంటారు. పక్కనున్నవాళ్లు "పోనీలెండి, తాగుడా, పేకాటా? తప్పేముంది?" అని వంత పాడతారు. తప్పేముందో చెబుతాను.

పది వాచీలున్న ఇంట్లో తొమ్మిది ఆగిపోయి ఉంటాయి. కీ ఇచ్చే వాచీకైనా, చెయ్యి కదిలితే స్ప్రింగు చుట్టుకునే ఆటోమేటిక్‌కైనా మామూలుగా 40 గంటలే ఊపిరి. రెండు రోజులు పెట్టెలో పడేస్తే ఆగిపోతుంది. కాబట్టి మన అభిరుచిగల పెద్దమనిషి పొద్దున్నే పెట్టె తెరిచి, ఇవ్వాళ్టి వంతు వాచీని తీసి, కీ ఇచ్చి, ముళ్లు తిప్పి టైము సరిచేస్తాడు. దేన్ని చూసి సరిచేస్తాడు? ఫోన్ని చూసి! టైము చెప్పింది ఫోను, ఫోటో తీసింది ఫోను, ఆ ఫోటోను పదిమందికి మోసిందీ ఫోనే. ఇందులో వాచీ చేసిన పనల్లా దసరాకు అటక మీంచి దింపిన బొమ్మలా మెట్టెక్కి కూర్చోవడం. ఇంకొందరు ముళ్లను 10 గంటల 10 నిమిషాల దగ్గర నిలబెట్టి మరీ ఫోటో తీస్తారు. ప్రకటనల్లో అలాగే ఉంటుంది, రెండు ముళ్ల మధ్య కంపెనీ పేరు నిండుగా కనబడుతుంది. ఇక పెట్టెలో ఆగిపోయే ఆటోమేటిక్‌లను గుండ్రంగా తిప్పుతూ ఉండే కరెంటు మిషన్లు కూడా అమ్ముతున్నారు. మనిషి చెయ్యి ఊపితే నడవాలని కనిపెట్టిన వస్తువును, మనిషి లేకుండా ఊపడానికి ఇంకో మోటారు!

కచ్చితత్వం మాట ఎత్తనే వద్దు. సెల్లుతో నడిచే చవక వాచీలో క్వార్ట్జ్ పలుకు సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. నెలకు పదో పదిహేనో సెకన్లు అటూ ఇటూ అవుతుంది, అంతే. స్విట్జర్లాండ్‌లో క్రోనోమీటర్ పరీక్ష నెగ్గిన లక్షల రూపాయల వాచీకేమో సగటున రోజుకు 4 సెకన్లు వెనకబడినా, 6 సెకన్లు ముందుకు పోయినా చెల్లుతుంది. ఇది వాళ్లకూ తెలుసు. వదిలేద్దాం.

నాకు ఒళ్లు మండేది వేరే చోట. మాది లాల్‌గడి మలక్‌పేట్. తుర్కపల్లి, కొల్తూరు, మా ఊరు, అన్నిటికీ కలిపి జీనోమ్ వ్యాలీ అని పేరు పడింది. కొవాగ్జిన్ పుట్టింది ఇక్కడే. తెల్లారకముందే కంపెనీ బస్సులు తిరగడం మొదలవుతుంది. టీకా మందును సీసాల్లో నింపే గదుల్లోకి పోయేవాళ్ల ఒంటి మీద ఉంగరం ఉండకూడదు, గాజు ఉండకూడదు, ముఖానికి పౌడరుండకూడదు, చేతికి వాచీ అసలే ఉండకూడదు. మందుల తయారీ నిబంధనల్లోనే ఆ మాట ఉంది. పట్టీ కింద చెమట, చర్మపు పొట్టు, వాటి మీద బతికే క్రిములు మందులో కలిస్తే ఎవరి ప్రాణానికో ముప్పు. అందుకని ముందు అన్నీ తీసి లాకర్లో పెట్టాలి, తర్వాత చేతులు రుద్ది కడగాలి, ఆపైన తల నుంచి పాదం దాకా కప్పే సూటు, దాని మీద గ్లౌజులు. లోపల వాళ్ల టైమును గోడ గడియారమూ బ్యాచ్ రికార్డూ చూసుకుంటాయి. ఏ పని ఏ గంటా ఏ నిమిషానికి మొదలైందో, ఎప్పుడు ముగిసిందో రాసి సంతకం పెట్టాలి. బయటికొస్తే గేటు దగ్గర పంచింగు మిషను.

అంటే ప్రతి నిమిషానికీ లెక్క చెప్పాల్సిన మనిషి మణికట్టు బోసిగా ఉంది. మధ్యాహ్నం ఒంటిగంటకు ఆఫీసుకు పోయినా ఎందుకని అడిగే దిక్కులేని మనిషి చేతికి రోజుకో వాచీ ఉంది. వీళ్లిద్దరూ ఒకే రోడ్డు మీద తిరుగుతున్నారు. మొదటివాళ్లకు "టైమ్ సెన్స్ లేదు" అని తిట్లు, రెండోవాడికి "టేస్టున్న మనిషి" అని మెప్పు!

మొన్న రోడ్డు పక్క టీ కొట్టు దగ్గర, షిఫ్టు దిగి వచ్చిన ఒక అమ్మాయి "కాకా, టైమెంతైంది?" అని అడిగింది. ఫోన్లో చార్జింగు అయిపోయిందట. కొట్టాయన చేతిలో గరిటెతోనే గోడ మీదికి చూపించాడు. పాల ఆవిరికి అద్దం పచ్చబడిపోయిన ప్లాస్టిక్ గడియారం. "దాంట్ల పది నిమిషాలు తీసెయ్ బిడ్డా. మీ బస్సులు తప్పకుండ ముంగట పెట్టిన" అన్నాడు. ఆ గడియారం కంపెనీ ఏదో, మోడలేదో, ఎంతకు కొన్నాడో ఎవడూ అడగడు, ఎవడూ ఫోటో తీయడు.

దీనికంతటికీ ఎరువు వేస్తున్నది మన వార్తలు. "ఆ హీరో పెట్టుకున్న వాచీ ధర తెలిస్తే నోరెళ్లబెడతారు!" వారానికి ఎన్నిసార్లు చదవాలండీ ఈ వాక్యం? సినిమా వేడుకలో ఆయన మైకు పట్టుకుంటాడు, చొక్కా చెయ్యి కాస్త పైకి జరుగుతుంది, తెల్లారేసరికి ఆ వాచీ పుట్టుపూర్వోత్తరాలు, రూపాయల్లో విలువ, "ఈ డబ్బుతో విల్లా కొనొచ్చు" అని ఓ పోలిక. సినిమా బాగుందో లేదో రాయడానికి మాత్రం కలం లేవదు. అభిమాని ఆ వాచీ నకలును ఫుట్‌పాత్ మీద కొంటాడు, వాడిని చూసి అసలు వాచీవాడు నవ్వుతాడు. నాకు నకలువాడే నయమనిపిస్తుంది. వాడు రోజూ ఆ ఒక్కటే పెట్టుకుంటాడు.

రాజకీయాల్లోనూ ఇంతే. 2016లో కర్ణాటక ముఖ్యమంత్రి సిద్ధరామయ్య వజ్రాలు పొదిగిన హబ్లో వాచీ మీద ఎంత గొడవైందో గుర్తుందా? స్నేహితుడిచ్చిన కానుక అన్నారు, చివరికి ప్రభుత్వ ఆస్తిగా ఉంచమని స్పీకరుకు అప్పగించారు. ఆ గొడవ ముదిరింది ఫిబ్రవరిలో. అంతకు ముందు నెలలోనే కేంద్ర మంత్రివర్గం హెచ్‌ఎంటీ వాచీల కంపెనీ మూసివేతకు సరేనంది. 1961లో అదే బెంగళూరులో, జపాన్ సిటిజన్ సాయంతో దేశానికి వాచీ కట్టడం నేర్పిన కంపెనీ అది.

అదిగో, హెచ్‌ఎంటీ పేరెత్తగానే మన రోజుకో వాచీ వాళ్ల కళ్లు చెమ్మగిల్లుతాయి. జనతా, పైలట్, కోహినూర్! పదిహేడు జ్యుయెల్స్! కంపెనీ బతికుండగా వీళ్లు దాన్ని ముసలాళ్ల వాచీ అని గేలి చేశారు, 1980ల చివర్లో టైటాన్ రాగానే అటు పరిగెత్తారు. మూసేస్తున్నారనగానే కొనడానికి ఎగబడ్డారు. ఇప్పుడు పాత మిషనుకు కొత్తగా రంగు కొట్టిన డయల్ తగిలించి, ఆ కంపెనీ ఎన్నడూ వేయని నారింజ, చిలకపచ్చ రంగుల్లో "వింటేజ్" అని అమ్ముతుంటే అదీ కొని ఫోటో పెడుతున్నారు. అదే మంత్రివర్గ నిర్ణయంలో మన హైదరాబాద్ హెచ్‌ఎంటీ బేరింగ్స్ కూడా మూతపడింది. బేరింగును చేతికి కట్టుకోవడం కుదరదు కాబట్టి దాని కోసం ఒక్కరూ కన్నీరు కార్చలేదు. అల్విన్ సంగతి సరేసరి. 1942లో నిజాం కాలంలో పుట్టి, బస్సులకు బాడీలు కట్టి, ఫ్రిజ్‌లు చేసి, 1980లలో సీకో సాయంతో వాచీలు కూడా చేసిన హైదరాబాద్ కంపెనీ. ఇవాళ మియాపూర్‌లో చౌరస్తా పేరుగా, కూకట్‌పల్లి పక్కన కాలనీ పేరుగా మిగిలింది. ఆ చౌరస్తాలో ఎర్ర లైటు పడినప్పుడు స్టీరింగు మీద చెయ్యి పెట్టి జపాన్ సీకో ఫోటో తీసుకునేవాడికి ఆ ముక్క తెలుసా అని నా అనుమానం.

"మీ కాలంలో మాత్రం? వాచీ, సైకిలు, రేడియో అని కట్నంలో రాయించుకోలేదా?" అంటారు. రాయించుకున్నారు, సిగ్గుచేటే. కాకపోతే ఆ అల్లుడు పట్టీలు మార్చుకుంటూ చచ్చేదాకా అదే వాచీ కట్టుకున్నాడు.

మరి ఏం చెయ్యమంటావంటే, ఒకటి ఉంచుకుని మిగతావి ఇచ్చెయ్యండి. నాడి లెక్కపెట్టే నర్సుకు సెకన్ల ముల్లు కావాలి, ఆమెకివ్వండి. కంటికి భూతద్దం బిగించుకుని మెట్ల కింద కూర్చునే రిపేరు మనిషి ఇంకా అక్కడక్కడా ఉన్నాడు, ఏడాదికోసారైనా ఆయన దగ్గరికి పోయి వెనక మూత తీయించండి. అసలైతే మా చౌరస్తాలో అందరికీ కనబడే గడియారం ఒకటి నిలబెట్టాలి. చార్మినారుకు 1889లో పెట్టారు, మహబూబ్ చౌక్‌లో 1892లో ఏకంగా గోపురమే కట్టారు. సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టడానికి బయటికొచ్చే గడ్డపు బొమ్మను చూడ్డానికి ఇప్పటికీ జనం ముందే వచ్చి కూర్చుంటారు. ఖర్చెవరు పెట్టాలి, కీ ఎవరివ్వాలి అంటే నా దగ్గర పథకమేమీ లేదు, ఆలోచిస్తాను.

అందాకా ఫోటోలు మానలేమంటే మానకండి. తారీఖు మాత్రం చూసుకోండి. ఆ వాచీల్లో చాలావాటికి ఏ నెలకెన్ని రోజులో తెలియదు, 30 రోజుల నెల దాటాక చేత్తో ముందుకు తిప్పాలి. ఫంక్షన్ హాలు పెద్దమనిషి డిసెంబరు ఒకటో తారీఖు పొద్దున పంపిన ఫోటోలో, నీలం డయల్ మీద, దర్జాగా 31 కూర్చుని ఉంది.