కొత్త ఫోనుకి పాత గలీబు

ఇంట్లోకి కొత్త సెల్‌ఫోను వచ్చిందంటే దాని వెనకాలే ఇంకో ఖర్చు కూడా గుమ్మం దాటి లోపలికొస్తుంది. ఫోను కొనడానికి పదిమందిని వాకబు చేసి, పండగ తగ్గింపుల కోసం నెల్లాళ్లు ఆగి, వాయిదాల లెక్కలు వేసుకునే మగవాళ్లు కూడా ఈ రెండో ఖర్చు దగ్గర మాత్రం ఆలోచించరు. "ఎంతలెద్దూ, రెండొందలేగా" అంటారు. ఆ రెండొందల వస్తువు పేరు పౌచ్. కొందరు బ్యాక్ కవర్ అంటారు, కొందరు కేస్ అంటారు. మా అత్తగారైతే 'ఫోను గలీబు' అంటారు. నాకు ఆ మాటే నచ్చింది.

అయితే దిండుకీ ఫోనుకీ ఒక తేడా ఉంది. దిండు కొత్తది కొన్నా పాత గలీబు ఉతికి తొడుక్కోవచ్చు. కాస్త బిగుతైతే బిగుతు, వదులైతే వదులు. ఫోను మారిందా, నిన్నమొన్న కొన్న గలీబు కూడా చెత్తబుట్టలోకి పోవలసిందే. ఎందుకని? కొలత అంతలా మారిపోయిందా? మార్చాల్సిన అవసరం వచ్చిందా? ఈ ప్రశ్న వేస్తే మా ఇంట్లో అందరూ నవ్వారు. నవ్వితే నవ్వారుగానీ, జవాబు మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఇదేం పెద్ద విషయమని మీరూ అనుకోవచ్చు. మగవాడికి చొక్కా జేబుంది, ప్యాంటు జేబుంది. మనకి? చీరకి జేబు లేదు. చుడీదార్‌కి జేబు పెట్టమంటే దర్జీ వింతగా చూస్తాడు. అందుకే మన ఫోను చేతిలో ఉంటుంది, లేదా హ్యాండ్‌బ్యాగ్‌లో తాళాల గుత్తితో కలిసి ఒరుసుకుంటుంది, లేదా వంటింటి గట్టు మీద పోపుల డబ్బా పక్కన నూనె చుక్కలు మీద పడుతూ ఉంటుంది. ఎక్కువసార్లు కింద పడేది మన ఫోనే. పౌచ్ మగవాడికి షోకు కావచ్చు, మనకి అవసరం.

ఇంకో సంగతి. మూతలాగా మూసుకునే ఫ్లిప్ కవరుంది చూశారూ, అది చాలామంది ఆడవాళ్లకి పర్సు. తెలంగాణలో 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలైంది, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి మొదలైంది. బస్సెక్కితే ఆధార్ లాంటి గుర్తింపు కార్డు తీసి చూపించాలి. రద్దీలో ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, రెండో చేత్తో బ్యాగ్ జిప్పు తీసి కార్డు వెతకడం ఎంత అవస్థో ఎక్కేవాళ్లకే తెలుసు. ఫోను కవరులో కార్డు, దాని వెనక మడతపెట్టిన ఐదొందల కాయితం. ఆ ఐదొందల సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు, తెలియక్కర్లేదు కూడా.

ఇక అసలు విషయానికొస్తాను. మన ఇళ్లల్లో ఫోను మెట్లు దిగుతూ వస్తుంది. కొత్తది ఆయనకో, అబ్బాయికో. వాళ్లు వాడినది ఇల్లాలికి. ఇల్లాలు వాడినది అత్తగారికో, అమ్మకో. అందరిళ్లల్లో ఇలాగే ఉందని నేననను, కానీ నాకు తెలిసిన పది ఇళ్లల్లో ఏడింట్లో ఇదే వరస. కాబట్టి పౌచ్ బాధ మనకి రెండు వైపులా ఉంది. కొత్త మోడల్ కొన్నవాడికి పాత పౌచ్ పట్టదు. పాత మోడల్ చేతికొచ్చిన మనకి కొత్త పౌచ్ దొరకదు. కొట్టుకెళ్తే "ఆ మోడల్‌కి ఇప్పుడు వస్తలేవు మేడమ్" అంటాడు. ఫోను భేషుగ్గా పనిచేస్తూ ఉంటుంది, దానికి తొడుగు మాత్రం ఉండదు. చివరికి "పౌచ్ కూడా దొరకడం లేదు, ఇంకో ఫోను తీసుకో" అనే మాట వస్తుంది. రెండొందల వస్తువు దొరక్క పదిహేను వేల వస్తువు మార్చడం ఏ లెక్కల పుస్తకంలో ఉందో నాకు తెలియదు.

కంపెనీలు చెయ్యలేక కాదు సుమా. చెయ్యగలవని ఐఫోనే చెబుతోంది. 2017లో వచ్చిన ఐఫోన్ 8 పొడవు 138.4 మిల్లీమీటర్లు, వెడల్పు 67.3, మందం 7.3. 2020లో వచ్చిన రెండో తరం ఐఫోన్ ఎస్ఈ సరిగ్గా అదే కొలత. 2022లో వచ్చిన మూడో తరం ఎస్ఈ కూడా అదే. 2016 నాటి ఐఫోన్ 7 వీటికంటే వెంట్రుకవాసి చిన్నది, 138.3, 67.1, 7.1. అందుకని దాని పౌచ్ కూడా వీటికి పట్టేస్తుంది. పౌచ్‌లు చేసేవాళ్లు అట్టపెట్టె మీద '7/8/ఎస్ఈ' అని కలిపే అచ్చువేసి అమ్మారు. అంటే 2016లో కొన్న తొడుగు 2022 ఫోనుకి పనికొచ్చింది. ఆరేళ్లు! లోపలి యంత్రం ప్రతిసారీ మారింది, పైన చొక్కా మారలేదు.

అదే కంపెనీ ఇంకోచోట ఏం చేసిందో చూడండి. 2020లో ఐఫోన్ 12, 12 ప్రో రెండూ ఒకే కొలతలో వచ్చాయి, ఒకే పౌచ్ రెండింటికీ సరిపోయింది. మరుసటి ఏడు, అంటే 2021లో, 13 వచ్చింది. పొడవూ వెడల్పూ అవే, 146.7, 71.5. మందం మాత్రం పావు మిల్లీమీటరు పెరిగింది. వెనక కెమెరా కళ్లు రెండూ ఒకదాని కింద ఒకటి ఉండేవి కాస్తా ఐమూలగా జరిగాయి. అంతే, పాత పౌచ్ పనికిరాకుండా పోయింది. శాంసంగ్ ఎస్ 22 పొడవు 146 మిల్లీమీటర్లు, ఎస్ 23 పొడవు 146.3, ఎస్ 24 పొడవు 147. ఏటా ఓ బియ్యపు గింజంత కూడా పెరగలేదు. అయినా ఏటా కొత్త పౌచ్.

మా అక్క కొడుకు ఇంజనీరు. వాడితో ఈ వాదన పెట్టుకున్నాను. "పిన్నీ, కెమెరా బాగుండాలంటే దాని లోపలి భాగం పెద్దదవ్వాలి, అప్పుడు బయటి చిల్లు పెద్దదవ్వక తప్పదు" అన్నాడు. ఒప్పుకున్నాను. రాత్రిపూట పిల్లల ఫొటోలు ఇప్పుడు ఎంత బాగా వస్తున్నాయో నేనూ చూస్తున్నాను. కానీ అర మిల్లీమీటరు పొడవు దేనికి పెరిగిందీ, పక్కనున్న బటన్ ఎందుకు కిందికి జరిగిందీ అంటే వాడి దగ్గరా సమాధానం లేదు. "డిజైన్" అన్నాడు. మన చిన్నప్పుడు చెప్పలేని ప్రతిదానికీ పెద్దవాళ్లు "ఆచారం" అనేవాళ్లే, అలా అన్నమాట.

అయితే పాతది వాడదామన్నానని పట్టనిదాన్ని బలవంతాన తొడగమనడం లేదు. అది ఇంకా ప్రమాదం. మా పక్కింటి పిన్నిగారికి వాళ్లబ్బాయి తన ఫోను ఇచ్చాడు. ఆవిడ దానికి పౌచ్ కోసం ఒక కొట్టుకెళ్తే, ఆ కొట్టతను అంతకుముందు మోడల్‌ది తీసి "సెట్ అయితది మేడమ్, సేమే" అని తొడిగి ఇచ్చాడు. నిజంగానే పట్టింది. తర్వాత వాళ్లమ్మగారు ఊర్నించి వచ్చినప్పుడు, ఎనభై దాటిన ఆ పెద్దావిడ చేత మంగళహారతి పాడించి, డాలస్‌లో ఉన్న కూతురికి పంపడానికి వీడియో తీశారు. బొమ్మ చక్కగా వచ్చింది. గొంతు మాత్రం దుప్పటి ముసుగేసుకుని పాడినట్టుంది. సంగతేమిటంటే, వెనక కెమెరా పక్కన సూదిమొనంత చిల్లు ఒకటుంటుంది. అది మైకు. వీడియో తీసేటప్పుడు మాట అందులోంచే లోపలికెళ్తుంది. పాత పౌచ్ అంచు సరిగ్గా దాని మీద కూర్చుంది. పౌచ్ తీసేసి మళ్లీ పాడమంటే ఆ పెద్దావిడ "ఇంకా ఓపికెక్కడిదే" అని పాడలేదు. మర్నాడు ఊరెళ్లిపోయారు. ఆ కొట్టతనికి నూటేభై రూపాయల బేరం.

దీనికంటే ముఖ్యమైంది ఇంకోటుంది. 2017 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే ప్రతి ఫోనులోనూ పానిక్ బటన్ ఉండాలని కేంద్ర ప్రభుత్వం 2016లో నిబంధన తెచ్చింది. ఆడవాళ్ల భద్రత కోసమే తెచ్చింది. స్మార్ట్‌ఫోనులో పవర్ బటన్ గబగబా 3 సార్లు నొక్కితే ఆపద కబురు వెళ్లాలని అందులో ఉంది. కొన్ని ఫోన్లలో 5 సార్లు నొక్కాలి. మీ ఫోనులో ఎన్నిసార్లో సెట్టింగ్స్‌లో ఎమర్జెన్సీ అన్నచోట చూసుకోండి. ఇప్పుడు చెప్పండి, పౌచ్ మీది ఉబ్బెత్తు ఒకచోట, ఫోను బటన్ ఇంకోచోట ఉంటే ఆ 3 సార్లూ ఎక్కడ నొక్కినట్టు? ఆటోలో ఒక్కర్తీ వచ్చే ఆడపిల్ల చీకట్లో బటన్ కోసం తడుముకోవాలా? కొట్లో "సెట్ అయితది" అన్నవాడు ఆ వేళ పక్కన ఉండడు.

అందుకని పౌచ్‌ని రంగు చూసి, దానిమీది పూలు చూసి కాకుండా, చీర కొన్నట్టు అంచులు చూసి కొనాలి. మోడల్ పేరు పూర్తిగా చెప్పండి. ప్రో, ప్లస్, 5జీ, ఇలా చివర ఉండే తోకమాటలే కొంప ముంచేవి. తోక మారితే ఫోను వేరు. పేరు గుర్తులేకపోతే సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్ అనే చోట ఉంటుంది. కొట్టులోనే తొడిగించి పవర్ బటన్ ఒకసారి, సౌండ్ బటన్లు ఒక్కోసారి నొక్కండి. వేలికి టిక్కుమని తెలియాలి. (పానిక్ బటన్ పరీక్షించడానికి మాత్రం 3 సార్లు నొక్కకండి, నిజంగానే 112కి వెళ్లిపోతుంది.) ఛార్జర్ పెట్టి చూడండి. ఫ్లాష్ వేసి ఓ ఫొటో తియ్యండి. పౌచ్ అంచు ఫ్లాష్‌కి అడ్డుపడితే ఫొటోలో తెల్లటి పొగలాంటిది కనపడుతుంది. పది సెకన్లు వీడియో తీసి మాట వినండి. కోఠీ గుజరాతీ గల్లీలో అయినా, విజయవాడ బీసెంట్ రోడ్డులో అయినా ఇదంతా చెయ్యడానికి రెండు నిమిషాలు చాలు. వెనక జనం ఉన్నారని మొహమాటపడకండి. చీరల కొట్లో మనం అరలన్నీ దింపించినప్పుడు లేని మొహమాటం ఇక్కడెందుకు?

పాత పౌచ్ కొత్త ఫోనుకి పడుతుందా లేదా అన్నది అది దేంతో చేసిందన్న దాన్నిబట్టి కూడా ఉంటుంది. రబ్బరులా వంగేది టీపీయూ అనే మెత్తటి ప్లాస్టిక్, కాస్త సాగుతుంది. వెంట్రుకవాసి తేడా ఉంటే సర్దుకుంటుంది. అట్టలా బిగుసుకుని ఉండేది పాలీకార్బొనేట్, అది సర్దుకోదు, ఒత్తితే మూల దగ్గర పగులుతుంది. ఫోను వదులుగా ఉండి లోపల కదులుతుంటే మెత్తదైనా వద్దు. పడ్డప్పుడు మూలలకి దెబ్బ తగులుతుంది. ఇంకోమాట, తెల్లగా అద్దంలా కొన్న టీపీయూ పౌచ్ ఎండకీ వేడికీ పసుపుపచ్చగా మారుతుంది. సోడా ఉప్పూ నిమ్మకాయా పెట్టి తోమినా పైన జిడ్డు వదులుతుందిగానీ ఆ పసుపు వదలదు. అది మురికి కాదు, ప్లాస్టిక్కే మారిపోవడం.

అలా మారినవీ, ఫోను మారి మిగిలిపోయినవీ ఎక్కడికి పోతున్నాయి? పాత సామాన్లవాడికి వేస్తే బకెట్టు ముక్క తీసుకుంటాడు, పౌచ్‌ని పక్కన పడేస్తాడు. ఈ ప్లాస్టిక్కులకి రీసైక్లింగ్ గుర్తుల్లో 7 అంకె. అంటే 'ఇతరములు'. వేరు చేసి కరిగించేంత ఓపిక ఎవరికీ లేని రకాలన్నమాట. పోనీ ఎలక్ట్రానిక్ చెత్త కింద ఇద్దామంటే ఇందులో కరెంటు వస్తువేదీ లేదు. ఫోను చచ్చిపోతే దాన్ని తీసుకోడానికి చట్టం ఉంది, గలీబుకి దిక్కులేదు.

ఛార్జర్ల సంగతి గుర్తుచేసుకోండి. ఒక్కో కంపెనీకి ఒక్కో పిన్ను, ఇంటికి చుట్టాలొస్తే "మీది సన్నపిన్నా, లావుపిన్నా" అని అడిగేవాళ్లం. యూరోపియన్ యూనియన్ 2022లో చట్టం చేసింది. 2024 డిసెంబర్ 28 నుంచి అక్కడ అమ్మే కొత్త ఫోన్లన్నిటికీ సీ టైపు పిన్నే ఉండాలంది. 2012 నుంచీ తన పిన్ను తనదేనన్న ఆపిల్ కూడా 2023లో ఐఫోన్ 15తో దారికొచ్చింది. ఫోన్లన్నీ ఒకే కొలతలో చెయ్యమని నేనడగడం లేదు, అది కుదరదని నాకూ తెలుసు. ఒక మోడల్ కొలత, బటన్ల చోటు కనీసం మూడేళ్లు మార్చకుండా ఉంచండి అంటున్నాను. మారిస్తే, ఏ పాత మోడల్ పౌచ్ దీనికి పడుతుందో, ఏది పట్టదో ఫోను పెట్టె మీద ఒక్క వాక్యం రాయండి. పాత మోడల్ ఫోను ఆగిపోయాక కూడా కొన్నేళ్లపాటు దాని పౌచ్‌లు దొరికేలా చూడండి. మిక్సీ కంపెనీ పాత జార్‌కి మూత ఇవ్వగలుగుతోంది, కుక్కర్ కంపెనీ ఇరవయ్యేళ్ల నాటి కుక్కర్‌కి గ్యాస్కెట్ ఇవ్వగలుగుతోంది. కొలత మారలేదు కాబట్టి ఇవ్వగలుగుతోంది.

ఈలోగా మీ టీవీ కింది సొరుగులో నాలుగైదు పౌచ్‌లు పడి ఉంటే పారెయ్యకండి. లోపలివైపు మోడల్ పేరు కాయితం మీద రాసి అంటించండి. మీ వీధి చివర ఫోన్లు బాగుచేసే కుర్రాడికివ్వండి. మా వీధి కుర్రాడు ఓ చెప్పుల పెట్టె పెట్టుకుని వాటిని అందులో వేసుకుంటున్నాడు. పాత ఫోను పట్టుకుని "దీనికి పౌచ్ ఉందా బాబూ" అని వచ్చేవాళ్లకి ఆ పెట్టె తీసి ముందు పెడతాడు, ఇరవై రూపాయలు తీసుకుంటాడు. వచ్చేది ఎక్కువగా ఆడవాళ్లేనట.