పల్లి గోరు, అవ్వ గోలి

మూడు నెలల కింద ఒక మంగళవారం రాత్రి పదకొండున్నరకి అమెరికా టీంతో కాల్‌లో ఉన్నాను. నాకు వర్క్ ఫ్రం హోమ్. ఆత్మకూరులో మా ఇంటి మేడమీది గదే ఆఫీసు. కింద వడ్ల సంచులు పెట్టే గదిలో ఏదో దబ్బుమని పడింది, వెంటనే పిల్లి అరుపు. మ్యూట్ నొక్కి కిందికి ఉరికాను. మెట్ల మీద ఎర్రటి చుక్కలు.

మా పిల్లి పేరు పల్లి. పల్లికాయ సంచుల వెనకాల దొరికింది, రంగు కూడా వేయించిన పల్లీ రంగే, అందుకని ఆ పేరు. జూరాల నీళ్లతో వరి పండే మా దిక్కు ఇళ్లలో పిల్లి అంటే పెట్ కాదు, ఉద్యోగి. ఎలుకల డిపార్ట్‌మెంట్ దానిదే. ఆ రాత్రి కూడా డ్యూటీలోనే దెబ్బ తగిలింది. సంచి మీంచి దూకేటప్పుడు గోనె పోగుల్లో ముందరి కాలి గోరు ఇరుక్కుంది. మనిషి కిందికి, గోరు పైకి. సగం విరిగి వేలాడుతోంది.

నేను చేసిన మొదటి తప్పు, దాన్ని వెంటపడి పట్టుకోబోవడం. నా మణికట్టు మీద మూడు గీతలు గీసి మంచం కిందికి దూరింది. రెండేళ్లుగా నా ఒళ్లో నిద్రపోతున్న పిల్లే. నొప్పిలో ఉన్న పిల్లికి ఓనర్ ఎవడైతే ఏంది?

అవ్వ లేచొచ్చి లైటు తగ్గించమంది. ఫ్యాను ఆపి, తలుపు వేసి, ఐదు నిమిషాలు ఊరికే కూచున్నాం. అదే వచ్చింది. పాత తువ్వాలు కప్పి, తలా మూడు కాళ్లూ లోపలే ఉంచి, దెబ్బ కాలు ఒక్కటే బయటికి వచ్చేలా చుట్టాను. పసిపిల్లల్ని చుట్టినట్టే. ఉతికిన కాటన్ గుడ్డ మడత పెట్టి గోరు మీద గట్టిగా అదిమి పట్టుకున్నాను. ఇక్కడ ఒక్క మాట. నిమిషానికోసారి గుడ్డ తీసి "ఆగిందా?" అని చూడొద్దు. చూసిన ప్రతిసారీ గడ్డకట్టిన రక్తం ఊడొస్తుంది, మళ్లీ మొదటికే. ఫోన్‌లో టైమర్ పెట్టి పది నిమిషాలు కదలకండి. గోరు కొస నుంచి ఇంకా కారుతుంటే చిటికెడు కార్న్‌ఫ్లోర్ అద్దితే ఆగుతుంది. మా ఇంట్లో గోబీ మంచూరియా కోసం తెచ్చిన ప్యాకెట్ ఉండె, పనికొచ్చింది. అప్పటికీ ఆగకపోతే అది ఇంట్లో అయ్యే పని కాదు.

గోరంటే మన గోరులాగా ఎండిపోయిన పొర అనుకునేవాణ్ణి. పిల్లి గోరు వేలి చివరి ఎముక మీంచే పెరుగుతుంది. వెలుతుర్లో చూస్తే లోపల గులాబీ రంగు గీత కనిపిస్తుంది, అందులో రక్తనాళాలు, నరం ఉంటాయి. గోరు పైకి విరిగితే ఏమీ కాదు. ఆ గులాబీ భాగం దాకా చీలితేనే ఇంత రక్తం, ఇంత నొప్పి. పైగా గోరు ముడుచుకుని చర్మం సంచిలోకి పోతుంది కదా, మట్టీ మురికీ కూడా దాంతోపాటే లోపలికి. ముదిరితే ఎముక దాకా పోతుంది. అందుకే చిన్న దెబ్బ అని వదిలేయడానికి లేదు. (అన్నట్టు, అప్పుడప్పుడు మంచం దగ్గర ఖాళీ గోరు పొట్టు దొరుకుతుంది చూడండి, అది దెబ్బ కాదు. పాత పొర రాలడం మామూలే.)

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

రక్తం ఆగింది. పల్లి మాత్రం వణుకుతోంది. అవ్వ తన స్టీలు డబ్బా తెచ్చింది. మోకాళ్ల నొప్పుల గోలీలు, బీపీ గోలీలు, జ్వరం గోలీలు, అన్నీ అందులోనే. "పాపం నొస్తుందిరా దానికి. అర గోలి నూరి పాలల్ల కలిపి పొయ్యి, పంటది" అంది. నాకూ సబబే అనిపించింది. పారాసిటమాల్. కరోనా అప్పుడు ఇంటిల్లిపాదీ మింగిన గోలీయే కదా. 650 మిల్లీగ్రాముల గోలీ విరిచి సగం రెండు చెంచాల మధ్య నూరాను కూడా.

కాల్ గుర్తొచ్చి మేడెక్కి మ్యూట్ తీశాను. "పిల్లికి దెబ్బ తగిలింది, పారాసిటమాల్ వేసి ఐదు నిమిషాల్లో వస్తా" అన్నాను. ఆస్టిన్‌లో ఉన్న మా టెస్టర్, గుంటూరు అమ్మాయి, ఇంట్లో రెండు పిల్లులున్నాయి. మేనేజర్ కూడా ఉన్న కాల్‌లో తెలుగులో అరిచింది: "ఏం వేస్తున్నావ్? వద్దు! చచ్చిపోద్ది!"

చచ్చిపోయేదే. తర్వాత కూచుని లెక్క వేసుకున్నాను. పల్లి బరువు మూడున్నర కిలోలు. అర గోలీ అంటే 325 మిల్లీగ్రాములు, కిలోకి 93. పిల్లికి కిలోకి 50 మిల్లీగ్రాములే ప్రాణం తీయొచ్చు, అంతకన్నా తక్కువకే విషమెక్కిన పిల్లులున్నాయి. మన కాలేయంలో పారాసిటమాల్‌ని విరుపు లేకుండా బయటికి పంపే ఒక ఎంజైము ఉంటుంది. పిల్లిలో దాని జన్యువు పాడైపోయి ఉంది. మా భాషలో చెప్పాలంటే ఫంక్షన్ ఉంది, కానీ ఎప్పుడో కామెంట్ చేసి పడేశారు. ఆ మందు విషంగా మారి రక్తాన్ని ఆక్సిజన్ మోయలేకుండా చేస్తుంది. చిగుళ్లు గోధుమ రంగుకో నీలానికో తిరుగుతాయి, మొహం, పాదాలు వాస్తాయి, ఊపిరి ఎగబోస్తుంది. ఎవరైనా ఇప్పటికే వేసి ఉంటే లక్షణాల కోసం చూడొద్దు, ఆ గంటలోనే డాక్టరు దగ్గరికి తీసుకుపోండి, విరుగుడు మందు ఉంది. ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ కూడా మీ చేత్తో వేయొద్దు.

చెంచాలోని పొడిని సింకులో కడిగేశాను. చేతులు వణికాయి, ఒప్పుకుంటాను.

గాయం కడగడానికి కూడా మనుషుల యాంటిసెప్టిక్ వద్దు. ఫినాల్ జాతి రసాయనాలున్న ద్రావణాలు పిల్లికి పడవు, కాలు నాకితే కడుపులోకి పోతాయి. స్పిరిట్ మంట. పసుపు పెడదామంది అవ్వ, అది గాయంలో ముద్దకట్టి మురికినే పట్టి ఉంచుతుందని నేను ఒప్పుకోలేదు. కాచి చల్లార్చిన అర లీటరు నీళ్లలో ఒక చిన్న చెంచా ఉప్పు, అంతే.

వేలాడే ముక్కని నేను లాగలేదు. లాగాలనిపిస్తుంది, లాగొద్దు. పొద్దున రెండు ప్లాస్టిక్ బుట్టలు ఎదురెదురుగా కట్టి, అందులో పల్లిని పెట్టి పశువుల దవాఖానకి తీసుకుపోయాను. పాలమూరు అంటే గొర్రెలు, బర్రెలు. క్యూలో పిల్లి మాదొక్కటే. గొర్రెల కాడి పెద్దాయన "పిల్లికి గూడ దవాఖానానా?" అని నవ్విండు. డాక్టర్ సార్ నవ్వలేదు. మత్తు సూది వేసి ముక్క కత్తిరించి, పిల్లికి సరిపడే నొప్పి మందు, యాంటీబయాటిక్ ఇచ్చిండు. తర్వాత నా మణికట్టు చూసి, "నీ సంగతేంది?" అన్నడు.

దాన్ని నేను మర్చేపోయాను. రక్తం వచ్చేలా గీరితే పదిహేను నిమిషాలు సబ్బుతో, కారే నీళ్ల కింద కడిగి, అదే రోజు దవాఖానకి పోవాలి. పల్లికి రేబిస్ టీకా లేదు, ఆ తప్పు నాదే. చేతికి సూదులు నాకు, వారం తర్వాత టీకా దానికి.

తర్వాతి పది రోజులు బోరింగ్. ట్రేలో ఇసుక తీసేసి కాగితం ముక్కలు వేశాం, ఇసుక గాయంలో ఇరుక్కుంటుందని. ఆ కాగితాలు ఈ పత్రిక పాత సంచికలే, ఎడిటర్ గారు క్షమించాలి. నాకకుండా మెడకి మెత్తటి గుడ్డ చుట్ట. పూటకోసారి కాలు చూడటం: వాపుందా, చీము, వాసన, కుంటుడు పెరిగిందా. ఒక పూట తినకపోతే చూస్తాం, రోజంతా తినకపోతే మళ్లీ సార్ దగ్గరికే. పిల్లి నొప్పిని దాస్తుంది, అరవడం లేదంటే తగ్గిందని కాదు.

గోరు మళ్లీ వచ్చింది, కొంచెం వంకరగా. ఇప్పుడు మూడు వారాలకోసారి ఆదివారం మొత్తం పద్దెనిమిది గోళ్ల కొసలు నేనే కత్తిరిస్తున్నాను, గులాబీ గీతకి ఇవతలే. రోజుకి నాలుగే, అంతకి మించితే పల్లి ఊరుకోదు. ఆ లెక్కన ఆదివారం మొదలైన పని గురువారానికి గానీ అవ్వదు.

అవ్వ గోలీల డబ్బా ఇప్పుడు బీరువాలో ఉంది. మొన్న పక్కింటావిడ కుంటుతున్న పిల్లిని చంకలో పెట్టుకుని గోడ దగ్గరికి వచ్చి గోలీ ఉందా అని అడిగింది. "ఆ గోలి పిల్లికి ఎయ్యొద్దంట, మా పోరడు చెంచాల నూరి మరీ పారబోసిండు" అని చెప్తోంది అవ్వ. నూరమన్నది ఎవరో మాత్రం చెప్పలేదు.