కాలయంత్రమును, తలవ్రాతయు

గతమును ముట్టరాదని యొక కొత్త ధర్మసూత్రము టెలివిజన్ మూలమున మన యిండ్లలోనికి వచ్చి చేరినది. రాత్రి భోజనములైన పిమ్మట పిల్లలు చూచు కాలయాన కథలలో నొకడు యంత్రమెక్కి వందల యేండ్లు వెనుకకు పోవును. అక్కడ జరుగుచున్న యన్యాయమును కన్నులార చూచి చేయి చాపబోవును. అంతలో తోడివాడు, "ముట్టకుము, ముట్టితివా లోకము తలక్రిందులగును" అని వెనుకకు లాగును. పిల్లలు దీనిని విజ్ఞానశాస్త్ర మనుకొని మెచ్చుకొందురు. నా చెవికి మాత్ర మిది మిక్కిలి పాత మాట. 1881లో రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతు వివాహము చేయించినప్పుడును, 1929లో శారదా చట్టము పుట్టినప్పుడును కేకలు వేసిన పెద్దలకు యంత్రము లేదు గాని, సూత్ర మిదియే.

చదువరులు నన్ను టెలివిజన్ పెట్టెను పగులగొట్టుమను వానినిగా నెంచవలదు. ఈ కథలయందు నాకు ప్రీతి కలదు. బి.బి.సి. వారు 1963 నవంబరు 23వ తేదీన 'డాక్టర్ హూ' అను కథామాలికను మొదలుపెట్టినప్పుడు, ఆ కాలయాత్రికుని వెంట బయలుదేరిన వారిలో నిద్దఱు బడిపంతుళ్లు. ఒకరు విజ్ఞానశాస్త్రము చెప్పువారు, ఒకరు చరిత్ర చెప్పువారు. ఆ సంగతి తెలిసినప్పుడు బడిపంతులనైన నాకు కొంత గర్వము కలిగినదని దాచనేల? 1964లో వచ్చిన 'ది ఆజ్‌టెక్స్' అను నాలుగు భాగముల కథలో ఆ చరిత్రోపాధ్యాయిని బార్బరా పూర్వకాలపు మెక్సికోలో దిగును. అక్కడివా రామెను తమ గతించిన ప్రధానార్చకుని యవతారముగా భ్రమింతురు. అధికారము చేత చిక్కినది గదా యని యామె నరబలిని మాన్పజూచును. డాక్టరు వలదని వారించును. తుద కామె యోడిపోవును. బలి యథాప్రకారము జరుగును. చరిత్ర మారదని కథ తీర్పు చెప్పినట్లు చూచువారు తలతురు.

వారు మఱచునది యొకటి కలదు. ఆ కథలోనే ఆట్లాక్ అను నర్చకుడు ఆమె మాటలు విని, బలియందు నమ్మకము పోగొట్టుకొని, పదవిని విడిచి వెడలిపోవును. నేల ముందే మెత్తబడి యుండనిచో విత్తు నాటుకొనునా? ఆ కాలమున నందఱు నొక్క మనస్సుతో బలిని మెచ్చుచుండిరనుట కల్ల. నా తగవంతయు నిక్కడనే. కాలయాన కథ గతమును పేరిన నేతివలె నొక్క ముద్దగా చూపును. నిజమునకు గత మెప్పుడును తెగని జగడము. అందు రెండు పక్షములవారును బ్రదికియే యుండిరి.

మన తెలుగువారి కాలయంత్రము 1991లో సింగీతము శ్రీనివాసరావుగారు తీసిన 'ఆదిత్య 369'. అది టెలివిజన్‌లో వచ్చిన దినమున మా యింట వంట ఆలస్యమగును. అందలి యంత్రము కృష్ణదేవరాయల కొలువునకును, అటుపిమ్మట 2504వ సంవత్సరమునకును పోవును. రాయలు, తెనాలి రామకృష్ణుడు, వజ్రము, అన్నియు ముచ్చటయైనవే. కాని ఆ కొలువుకూటమునకు ఱాళ్లు మోసినవాని గుడిసె ముందర యంత్ర మేల దిగదని నాకు ప్రతిసారియు తోచును.

సంస్కృతము చదివిన మిత్రులు వెంటనే భాగవతము నవమ స్కంధము తెఱచి, కాలయానము మన ఋషు లెఱిగినదే యందురు. కకుద్మి యను రాజు తన కూతురు రేవతికి తగిన వరుని దెలిసికొన బ్రహ్మలోకమునకు పోయి, క్షణకాలము నిలిచి యడుగునప్పటికి భూమిపై నిరువదియేడు చతుర్యుగములు గడచెనట. కథ మనోహరము, నేనును పాఠము చెప్పుచుందును. అయితే తండ్రి బ్రహ్మ నడిగెను, బ్రహ్మ బలరాముని పేరు చెప్పెను. ఇరువదియేడు చతుర్యుగములలో నొక్కసారియైన రేవతి నడిగినవారు లేరు.

ఈ యడుగుట యనునది యెంత పనియో నాకు బోధపఱచినది మా పదవ తరగతి. పల్నాటిలో నొక యున్నత పాఠశాలయందు నేను తెలుగు చెప్పుచున్నాను. 'కాలయంత్రము దొరకినచో నెచ్చటికి పోవుదువు?' అని వ్యాసము వ్రాయించితిని. మగపిల్లలలో చాలమంది పండ్రెండవ శతాబ్దమునకు పోయి, కోడిపందెము నాపి, పల్నాటి యుద్ధమును తప్పించిరి. కారెంపూడిలో నేటేట కార్తికమున వీరుల యుత్సవము చూచి పెరిగినవారికి కోడిపోరు తోచుట సహజమే. కాని ఆ యుత్సవమునందే చాపకూడును కలదు. బ్రహ్మనాయుడు సర్వకులములవారిని ఒక్క చాపపై కూర్చుండబెట్టి భుజింపజేసెననియు, కన్నమదాసును సేనకు పెద్దను జేసెననియు మనమే గదా చెప్పుకొందుము! ఎనిమిది వందల యేండ్ల క్రిందటి మాట. 'ఆ కాలమున కులము లట్లే యుండెను, ఏమి చేయుదుము' అను సాకు మఱెవ్వరికి చెల్లినను పల్నాటివానికి చెల్లదు. అయినను ఆ చాపపై కూర్చుండి రావలయునని యొక్కడును వ్రాయలేదు.

ఒక బాలిక మాత్రము దూరము పోలేదు. తన నాయనమ్మ పెండ్లినాటికి, అనగా 1972కు, పోవుదునని వ్రాసినది. నాయనమ్మకు అప్పుడు పండ్రెండేండ్లు. చదువు మూడవ తరగతితో సరి. ఆ పెండ్లి ఆపవలెనని యున్నదని వ్రాసి, క్రింద నిట్లు చేర్చినది: "కాని ఆపితే నేను పుట్టను. అందుకని పందిరి గుంజ పక్కన నిలబడి, చూసి వచ్చేస్తాను."

తోటి యుపాధ్యాయు లొకరు చదివి మిక్కిలి సంతసించిరి. తాతను ముట్టిన మనుమడు తానే లేకపోవునను చిక్కు కాలయాన కథలలో మిక్కిలి ప్రసిద్ధమైనదనియు, పిల్ల తనంతట తాను పట్టుకొన్నదనియు మెచ్చి, "కనుక జరిగినదెల్ల మన మేలునకే" అని ముగించిరి. ఆ ముగింపు నాకు గొంతు దిగలేదు. 1977 నవంబరు ఉప్పెనలో దివిసీమ మునిగినది గదా. సహాయ శిబిరమున నెఱుకపడిన యిద్దఱు పెండ్లాడి బిడ్డను కనిరనుకొందము. ఆ బిడ్డ యుప్పెనకు మ్రొక్కవలయునా? మన మందఱమును ఎవరి యేడుపు మీదుగనో ఈ లోకమునకు వచ్చినవారమే. మనము వచ్చినంత మాత్రమున ముండ్లదారి రాజమార్గము గాదు. పోనిండు, 'ఆ కాల మట్టిది' యందురా? 1929 నాటి చట్టము పిల్లకు పదునాలుగేండ్లు నిండవలయు ననెను. 1949లో దానిని పదునైదు చేసిరి. 1972లో పండ్రెండేండ్ల పిల్ల మెడలో తాళి కట్టుట ఆనాటికే నేరము. ఆ పందిటికి రేపటినుండి యెవ్వరును రానక్కఱలేదు. అందున్నవా డొకడు నోరు విప్పిన చాలియుండును.

ఆయన యూరకుండలేదు. అదే 'డాక్టర్ హూ'లో 2018లో వచ్చిన రోసా పార్క్స్ కథను నాపై విసరిరి. 1955 డిసెంబరు 1న మాంట్‌గోమరీ నగరపు బస్సులో ఆమెను లెమ్మనునప్పుడు కాలయాత్రికులు కదలక కూర్చుండవలసి వచ్చును. అక్కడ కదలకుండుటయే ధర్మము గదా యని వాదము. అయ్యా, కదలక కూర్చున్నవారు యాత్రికులు. లేవనన్నది ఆ కాలపు స్త్రీయే. ఆమె మార్చినది గతమును గాదు, తన గురువారమును.

మఱునా డా బాలికను పిలిచి కడపటి వాక్య మేల వ్రాసితివని యడిగితిని. తల వంచుకొని, "సంక్రాంతికి మా మేనత్త వాళ్లు వస్తారంట సార్" అన్నది. మేనత్తకు కొడుకున్నాడని వేఱుగ చెప్పనక్కఱలేదు. పిల్లకు పదునైదేండ్లు, చట్టము ప్రకారము పదునెనిమిది నిండవలయును. ఆ సాయంకాలమే వ్యాసము చేతబట్టుకొని వారి యింటికి పోయితిని. తండ్రి మర్యాదగా కుర్చీ వేసి, "మా అమ్మ మాట కాదనలేను మాస్టారూ" అనెను. ఆమె యరుగుమీదనే యున్నది. మనుమరాలి వ్రాత చదివి వినిపించితిని. కడపటి వాక్యము రెండుమారులు చదివించుకొని, ఆమె చాలసేపు మాటాడలేదు. పిమ్మట కొడుకు వైపు తిరిగి, "అంత దూరం వచ్చి, గుంజ పక్కన నిలబడి పోతుందంట్రా?" అని యడిగినది.