కళ్ళజోడుకూ కొలతలు కావాలి!

సూదిలో దారం చక్కగా ఎక్కుతుంది. దూరాన మదనపల్లె బస్సు బోర్డూ కనిపిస్తుంది. కంప్యూటరు ముందు కూర్చుంటే మాత్రం అక్షరాలు అలుక్కుపోతాయి, మెడ పట్టేస్తుంది! తంబళ్లపల్లెలో బట్టలు కుడుతూ, మహిళా సంఘం లెక్కలు కూడా చూసే ఓ అక్క బాధ ఇది. "కండ్లు పోతా ఉండాయేమో, ఈ లెక్కల పని వదిలేస్తా" అని దిగులుపడింది. వదిలేస్తే చేతికొచ్చే నాలుగు డబ్బులూ పోతాయి కదా! నిజానికి లోపం ఆమె కళ్ళలో లేదు, బైఫోకల్ అద్దాల్లో ఉంది.

నలభై దాటాక కంటిలోని కటకం గట్టిపడి, దగ్గరి వస్తువుల మీద చూపు నిలవదు. ఇది జబ్బు కాదు, అందరికీ వచ్చేదే. అయితే దగ్గర అంటే ఎంత దగ్గర? పుస్తకం, సూది, సెల్‌ఫోను 35-40 సెంటీమీటర్లు. కంప్యూటరు తెర 60-65. టీవీ రెండు మూడు మీటర్లు. దూరపు చూపు బాగున్నవారికి +2 పవరు అద్దాలతో సుమారు అర మీటరు వరకే స్పష్టంగా కనిపిస్తుంది. తెర దానికి అవతల ఉంటుంది, అందుకే మసక! తెరకు అంతకంటే తక్కువ పవరు కావాలి.

పైగా బైఫోకల్‌లో దగ్గరి పవరు కింది ముక్కలో ఉంటుంది. ఎదురుగా ఉన్న తెరను చూడాలంటే గడ్డం పైకెత్తాల్సిందే. మెడనొప్పి రాక ఏమవుతుంది? ప్రోగ్రెసివ్ అద్దాల్లో నడిమి దూరానికీ చోటుంటుంది కానీ అది సన్నగా ఉంటుంది, ధర కూడా ఎక్కువే. గంటలకొద్దీ తెర చూసేవారు ఆ దూరానికే విడిగా ఒక జత చేయించుకుంటే సుఖం. ఆ జతతో మాత్రం బండి నడపకండి.

మరి మీరేం చేయాలంటే...

* రోజూ కూర్చునేటట్టే కూర్చుని, కంటి నుంచి తెరకు, మిషను సూదికి, చేటలో బియ్యానికి ఎంత దూరమో టేపుతో కొలిపించుకోండి. చీటీ మీద రాసి, కళ్ళు పరీక్షించేవారికి చూపించండి.

* రెడీమేడ్ అద్దాల్లో రెండు కళ్ళకూ ఒకే పవరు ఉంటుంది. మీ కళ్ళు రెండూ ఒకేలా ఉన్నాయో లేదో పరీక్షలోనే తెలిసేది.

* నీలికాంతి ఆపే అద్దాలని ఎక్కువ డబ్బు పోయకండి. వాటివల్ల కళ్ళ అలసట తగ్గుతుందనడానికి సరైన ఆధారం లేదని 2023లో వచ్చిన కాక్రేన్ సమీక్ష తేల్చింది.

* 20 నిమిషాలకోసారి 20 సెకన్లు దూరంగా చూడండి. తెర ముందు రెప్ప వేయడం తగ్గి కళ్ళు పొడిబారతాయి. గుర్తు పెట్టుకుని రెప్పలార్పండి.

* షుగరున్నవారు, ఉన్నట్టుండి చూపు తగ్గినవారు అద్దాల షాపుకు కాదు, ముందు కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

మన అక్క తెరకని వేరే జత చేయించుకుంది. లెక్కల పని వదల్లేదు, కుట్టుపనీ వదల్లేదు. అయినా కొలతలు తీసుకోకుండా జాకెట్టు గుడ్డకు కత్తెర పెడతామా? కళ్ళజోడుకు మాత్రం కొలతలు వద్దా, మీరే చెప్పండి!