గడులలోని గణితము

త్రికోణమితి, సంవర్గమానములు, చక్రవడ్డీ మొదలగువాని ప్రమేయములు స్ప్రెడ్‌షీటునందు సిద్ధముగా నుండఁగా, పిల్లలచేత నా లెక్కలను కాగితముపైఁ జేయించుట కాలహరణమని తలిదండ్రులు కొందఱు తలఁచుచున్నారు. ఈ యభిప్రాయమును మేము పూర్తిగాఁ ద్రోసిపుచ్చము. 1614లో జాన్ నేపియరు ప్రకటించిన సంవర్గమానములు ఆనాఁటి గణకుల శ్రమను తగ్గించినట్లే, 1979లో బ్రిక్లిన్, ఫ్రాంక్‌స్టన్ అనువారు నిర్మించిన విసికాల్క్ మొదలుకొని యీ గడుల పట్టికలు మన శ్రమను తగ్గించుచున్నవి. శ్రమ తగ్గుట మేలే.

అయినను యంత్రము మనము వ్రాసినదానికే బదులు చెప్పును. ఎక్సెల్ నందలి సైను ప్రమేయములో 30 అని వ్రాసిన బాలునకు, రావలసిన 0.5 రాక, సుమారు −0.988 అను ఋణసంఖ్య వచ్చును. యంత్రము చెడలేదు. ఆ ప్రమేయము కోణమును డిగ్రీలుగా గాక రేడియనులుగా గ్రహించును. లంబకోణముకన్నఁ జిన్నదైన కోణమునకు సైను ఋణము కాఁజాలదని యెఱిఁగిన బాలుఁడు తత్క్షణమే నిలిచి, రేడియన్స్ అను ప్రమేయముతో 30 డిగ్రీలను మార్చుకొనును. ఎఱుఁగనివాఁడు వచ్చినదానినే నోటుపుస్తకమున నెక్కించును. అట్టి సమాధానములను దిద్దుట మాకు నలవాటే.

తలిదండ్రులకు మఱియొక యుదాహరణము. ఏఁటికి నూటికి 12 వడ్డీపై లక్ష రూపాయలు అప్పు తెచ్చి, 12 నెలసరి వాయిదాలలోఁ దీర్చవలెనన్నచో, పీఎమ్‌టీ అను ప్రమేయము వాయిదా యెంతయో చెప్పును. వడ్డీరేటును 12చే భాగించి నెలకు 1 శాతముగా నిచ్చినచో 8,885 రూపాయలు వచ్చును. భాగించుట మఱచినచో 16,144 రూపాయలు వచ్చును. ఈ రెండవ సంఖ్య తప్పని యా గడి యెట్టి హెచ్చరికయుఁ జేయదు. లక్షను 12చే భాగింపఁగా 8,333 వచ్చును గనుక, వడ్డీ కలిసినను వాయిదా దానికిఁ గొంచెము మాత్రమే మించవలెనని నోటిలెక్క వచ్చిన గృహిణి యిట్టే కనిపెట్టఁగలదు. సువార్తలోని యుపమానమున గోపురము కట్టఁదలఁచినవాఁడు ముందుగాఁ గూర్చుండి చూచుకొనవలసినది యిట్టి లెక్కయే కదా!

కావున ప్రమేయమును గడిలో వ్రాయకమునుపే, సమాధానము ఇంచుమించుగా నెంత యుండునో విద్యార్థి కాగితముపై వ్రాసి చూపవలెనని మా మనవి. దీనికి రెండు నిమిషములు చాలును. ఇట్టి యంచనాకుఁ బరీక్షలలో మార్కులు లేనందున నుపాధ్యాయులు దీనిని విడిచిపెట్టుచున్నారు. ఆ నింద మాపైనను గలదు. రాఁబోవు సంవత్సరమునుండి కంప్యూటరు గదిలోనికి కాగితము, పెన్సిలు లేక వచ్చినవారిని వెనుకకుఁ బంపవలెనని మా యభిప్రాయము.