స్టీమరు రాని సీమ నుంచి ఒక ప్రశ్న

మొన్న క్లాసులో గోదావరి కథ ఒకటి చెబుతుంటే వెనక బెంచీ పిల్లోడు లేచి అడిగాడు: "సార్, మన అనంతపురానికి పడవ ఎందుకు రాలేదు?" క్లాసంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. కాటన్ దృష్టిలో కాలువంటే సాగునీరే కాదు, సరుకు నడిచే బాట కూడా. రైలు కన్నా పడవ చవక అని గట్టిగా వాదించాడు. కాలువల్లో పడవలు, నదిలో స్టీమర్లు తిరిగాయి. డెల్టా ధాన్యం రేవులకు చేరింది. 1879లో రంప పితూరీని అణచడానికి సిపాయిలను మోసిందీ ఆ స్టీమర్లే.

సీమకూ ఒక పడవ కాలువ వచ్చింది. మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ 1860లలో సుంకేసుల నుంచి తవ్విన కె.సి. కెనాల్ సాగుకూ, పడవలకూ కలిపి తలపెట్టిందే. కంపెనీ నష్టపోతే 1882లో సర్కారు కొనేసింది. అది కడపకు పోయింది, మన వైపు తిరగలేదు. మనకు రైలొచ్చింది. 1876-78 ధాత కరువు నాటికి గుత్తి మీదుగా రైలు నడుస్తోంది. రైలు ధాన్యం మోసింది గానీ, కొనే డబ్బు లేని కూలోళ్లకు అది అందలేదు. కరువు పనిలో టెంపుల్ దొర ఖరారు చేసిన కూలి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన కొన్ని కాసులు. పౌను అంటే అరకిలో కూడా కాదు.

మరి స్టీమరు వచ్చి ఉంటే మన వాడల బతుకు మారేదా? డెల్టాను చూడండి. నీళ్లొచ్చాయి, పడవలొచ్చాయి, పంటకు రేటొచ్చింది. భూమి మాత్రం ఎక్కువగా ఉన్నోళ్ల చేతుల్లోనే ఉండిపోయింది. ఆ బలుపు 1985లో కారంచేడులో, 1991లో చుండూరులో ఏం చేసిందో మీకు తెలుసు. కారంచేడులో గొడవ మొదలైంది మంచినీళ్ల చెరువు దగ్గరే.

"సీమకు నీళ్లు" నినాదంతో నేనూ నడుస్తాను. అయితే అక్కడే ఆగను. హంద్రీ-నీవా కాలువ వచ్చిన చోట భూమికి విలువ పెరుగుతుంది. మొదట కన్ను పడేది అసైన్డ్ పట్టా ఉన్న మాల, మాదిగ రైతు మీదే. ఆ భూమి చేతులు మారకూడదని 1977 చట్టం చెప్పింది. ఇరవై ఏళ్లు దాటిన పట్టాలను అమ్ముకోవచ్చని 2023 సవరణ చెప్పింది. "అమ్ముకునే హక్కు మనకొద్దా?" అంటారు కొందరు మిత్రులు. కావాలి. కానీ అప్పుల ఒత్తిడితో నీళ్లు రాకముందే చౌకగా అమ్ముకోవడం హక్కు ఎట్లవుతుంది?

సెలవులకు ఊరికి పోయినప్పుడు అడంగల్, 1బి తీసి చూడండి. కాలువ కింద మన పేరుతో ఎన్ని ఎకరాలున్నాయి, వాటిని సాగు చేస్తున్నది ఎవరు? రాసి పెట్టుకోండి. ఆ పిల్లోడికి జవాబు అందులో ఉంది.

జై భీమ్.